పోసియ్య బారలు

సముద్రయానాల పాఠం పేజీన్నర.
నాలుగు తేదీలు, గడ్డాలున్న నలుగురు మనుషులు,
కింద ఖాళీలను పూరింపుము.
నేను చదువుతుంటే ఏడో తరగతి మొత్తం
కిటికీలోంచి పోటెక్కుతున్న కాలవను చూస్తోంది.
కాసేపటికి నేనూ అటే చూశాను.

సంచుల్లేని శనివారం వచ్చింది.
మిగిలిపోయిన పాత ప్రశ్నపత్రాలు బోర్లేసి
గోనె దబ్బనంతో కుట్టి
తలో పుస్తకం ఇచ్చాను.
ఒకవైపు ప్రశ్నలు, ఒకవైపు తెలుపు.
గాడిమొగ రేవులో గంటయ్య నావ ఎక్కాం,
పందొమ్మిది మందిమి.

"ముందు వేళ రాయండి. తర్వాత గాలి, తర్వాత నీరు.
చూసింది రాయండి. అనుకున్నది పక్కన రాయండి.
తెలియనిదానికి తెలియదు అని రాయండి, మార్కులు పోవు.
ఓడల మీద వచ్చినవాళ్ళు రోజూ చేసింది ఇదే,
దీపం కింద,
కడుపులో తిప్పుతున్నా సరే."

బురదలోంచి మడవేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.
"నేలకి రోమాలు నిక్కబొడుచుకున్నాయి" అని చింతామణి రాసింది.
అది చూసిందా, అనుకున్నదా?
నేను అడగలేదు.
దుర్గబాబు ఒంటిడెక్క పీతను గీస్తే
డెక్క పేజీలో పట్టక
వెనక్కి తిరిగి లెక్కల ప్రశ్నను పట్టుకుంది.
నూకరత్నం ఉల్లంకిపిట్ట అడుగులు లెక్కపెడుతూ
ముప్పై ఏడు దగ్గర ఆగిపోయింది.
నీళ్ళొచ్చేశాయి.

మొగ దగ్గర తాడుకి ఇటుక కట్టాం.
"వాళ్ళు సీసపు గుండు అడుగున కొవ్వు పూసేవారర్రా,
నేల ఎలాంటిదో దానికంటుకుని పైకొచ్చేది."
కొవ్వు లేదు.
నావ మూలలో గంటయ్య బట్టల సబ్బు ముక్క ఉంది,
అరిగి మెత్తబడింది.

పోసియ్య విసిరాడు. లాగాడు.
తడిసిన మేర చేతులు చాపి కొలిచి
"మూడు బార్లండి" అన్నాడు.
నూకరత్నం కొలిస్తే మూడున్నర.
నావ ఊగేంత గొడవ.
ఎవరి బార అసలు బార?
నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.
చివరికి చింతామణే తేల్చింది:
ఎవరి బారో కూడా రాసేద్దాం.

లోతు మూడు, పోసియ్య బారలు.
సబ్బు మీద నల్ల ఇసక,
విరిగిన గవ్వ,
ఇంకేదో.
ఇంకేదో పక్కన తెలియదు.

అప్పుడు తీశాను పాత పటం జిరాక్సు.
ఎవరో దొర, ఏదో ఓడ.
మొగ ఉంది, మొగ నిండా లోతుల అంకెలున్నాయి.
ఒడ్డు మాత్రం తెల్లగా ఉంది.

"ఇక్కడ మనం లేమాండీ?"
"ఆయన కంటికి ఆనలేదమ్మా."
"మరి ఇసకమేట ఎక్కడుందో ఆయనకెవరు చెప్పారండీ?
మా నాన్నకే ఒక్కోసారి అందదు."

పదిహేడేళ్ళుగా చెబుతున్న పాఠం.
నూకరత్నం అడిగింది ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు.
నా పుస్తకంలో రాసుకున్నాను:
తెలియదు.

తిరుగు దారిలో ఆ తెలుపు మీద పెన్సిళ్ళు పడ్డాయి.
రొయ్యల మలుపు.
దెయ్యం కూసే పాయ.
తాత వల చిరిగిన చోటు.
రెండు పేర్ల చోట రెండూ రాశారు.

వరదలు తీసి, చలి ముదిరాక
అదే మొగకి మళ్ళీ వెళ్ళాం.
అదే తాడు, అదే ఇటుక, కొత్త సబ్బు.
రెండున్నర.

"అయితే అప్పుడు తప్పు రాశామాండీ?"
పోసియ్య అప్పటికే రబ్బరు తీశాడు.
చెయ్యి పట్టుకున్నాను.
"చెరపకు. పక్కన ఈ రోజు తేదీ వెయ్యి."

వేశాడు.
కాసేపు మొగ వైపు చూసి
కింద ఇంకో ముక్క చేర్చాడు:
"ఈలోపు నా చేతులు కూడా పెరిగాయి."